ఫిరంగి గుండా? ఫ్యాక్టరీ గుండా?

(అటక మీది సంగతులు – మన ఇళ్ళల్లోని పాత వస్తువుల శీర్షిక)



రంజాన్ నెలలో కువైట్ సిటీలోని నాయిఫ్ ప్యాలెస్‌కి వెళ్ళి ఇఫ్తార్ ఫిరంగి చూసివచ్చిన పిల్లలు మనలో చాలామందే ఉంటారు. సూర్యాస్తమయం వేళకి ఫిరంగి పేలుస్తారు. "ఢాం" మనగానే చెవులు మూసుకుంటారు. తీసీ తీయగానే పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే - "గుండు ఎక్కడ పడింది?" ఎక్కడా పడదు. అందులో మందు మాత్రమే కూరుతారు, గుండు ఉండదు.

గుండు ఉన్న రోజుల్లో అది ఎలా ఉండేది, ఇప్పుడు మన చేతికి ఒక ఇనుప గుండు దొరికితే అది నిజంగా ఫిరంగిదా కాదా అన్నది ఈ సంచిక సంగతి. దీనికి కారణం అబూ హలీఫాలో ఏడో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి రాసిన ఉత్తరం. పేరు వేయవద్దన్నాడు, వేయడం లేదు.

"అంకుల్, మా ఊరు ఎర్రగుంట్ల దగ్గర. మా జేజినాయన దగ్గర ఒక ఇనుప గుండు ఉంది. అది గండికోట ఫిరంగి గుండు అని మా ఊళ్ళో అందరూ అంటారు. ఈ సెలవుల్లో నాన్న దాన్ని కువైట్ తెచ్చి షోకేసులో పెడదామంటున్నారు. మా ఫ్రెండ్ మాత్రం అది షాట్‌పుట్ అని ఎగతాళి చేస్తున్నాడు. ఎవరిది కరెక్ట్?"

(గోదావరి జిల్లాల పిల్లల కోసం: కడప వైపు జేజినాయన అంటే తాతయ్య.)

ఉత్తరంతో పాటు ఫోటోలు, కొలతలు కూడా పంపాడు. జేజినాయన గారు దారం చుట్టి కొలిస్తే చుట్టుకొలత 28 సెంటీమీటర్లు వచ్చిందట. ఊళ్ళో కిరాణా కొట్టు కాటా మీద పెడితే 2 కిలోల 850 గ్రాములు తూగిందట. ఇంత శ్రద్ధగా కొలిచి పంపినవాళ్ళకి శ్రద్ధగానే జవాబు చెప్పాలి.

ముందు గండికోట సంగతి. పెన్నా నది కొండను చీల్చుకుని పారే లోయ అంచున, జమ్మలమడుగుకి 15 కిలోమీటర్ల దూరంలో ఉంది ఆ కోట. పెమ్మసాని నాయకుల కోట. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని ముట్టడించి పట్టుకున్నాడు. ఆ తర్వాత నవాబులు, మైసూరు వాళ్ళు, నిజాము, చివరికి 1800లో ఇంగ్లీషు కంపెనీ. ఇన్ని చేతులు మారిన కోట చుట్టుపక్కల ఫిరంగి గుండు దొరకడంలో వింత లేదు. కాబట్టి ఊరి వాళ్ళ మాట కొట్టిపారేయదగ్గది కాదు.

కానీ అదే ఎర్రగుంట్ల చుట్టూ ఇంకోటి కూడా ఉంది - సిమెంటు ఫ్యాక్టరీలు. సున్నపురాయి ఎక్కడుంటే అక్కడ సిమెంటు, సిమెంటు ఎక్కడుంటే అక్కడ బాల్ మిల్లు. బాల్ మిల్లు అంటే పెద్ద ఇనుప డోలు లాంటిది. పడుకోబెట్టిన పీపా అనుకోండి. దాని కడుపులో టన్నుల కొద్దీ ఇనుప గుండ్లు పోసి తిప్పుతారు. డోలు తిరిగేకొద్దీ గుండ్లు పైకి లేచి దబదబా కిందపడి, మధ్యలో చిక్కిన క్లింకరు ముక్కల్ని పిండి చేస్తాయి. మొదటి గదిలో పెద్ద గుండ్లు వేస్తారు, 9 సెంటీమీటర్ల దాకా వ్యాసం ఉంటుంది. రెండో గదిలో చిన్నవి, గోళీల కంటే కాస్త పెద్దవి. అరిగిన గుండ్లు తీసేసి కొత్తవి పోస్తుంటారు. తీసేసినవి పాత ఇనుప సామానుకు పోతాయి. అక్కడి నుంచి కొన్ని ఊళ్ళల్లోకి చేరి, తలుపు కదలకుండా అడ్డంగానో, పిల్లల ఆటకో, ఒక్కోసారి "కోట గుండు" గానో స్థిరపడతాయి.

అంటే గండికోట గుండూ, ఫ్యాక్టరీ గుండూ ఒకే తాలూకాలో, ఒకే సైజులో, ఒకే తుప్పుతో మన ముందుకు రావచ్చు. ఎలా విడదీయాలి?

చాలామంది మొదట తుప్పు చూస్తారు. తుప్పు ఎక్కువైతే పాతది అనుకుంటారు. ఇది అసలు నమ్మకూడని సాక్షి. మన అబూ హలీఫాలో బాల్కనీలో పెట్టిన సైకిల్ చెయిను రెండు వేసవులు చూస్తే ఎలా తయారవుతుందో మీకు తెలియనిది కాదు. ఉప్పుగాలి తగిలితే ఐదేళ్ళ గుండు కూడా మూడు వందల ఏళ్ళదానిలా కనిపిస్తుంది.

రెండోది కథ. "మా తాతల కాలం నుంచి ఉంది", "ఫలానా కోట కందకంలో దొరికింది". కథ వినాలి. కానీ అది మొదట ఎవరు చెప్పారో కూడా అడగాలి. ఈ అబ్బాయి చేత ఫోన్‌లో అడిగించాను. జేజినాయన గారు నిజాయితీపరులు. తాను దాన్ని కోటలో ఏరలేదనీ, నలభై ఏళ్ళ కిందట పాత ఇనుప సామాను బండివాడి దగ్గర కొన్నాననీ, గండికోటది అని అతనే చెప్పాడనీ అన్నారు. అంటే కథకి మూలం అమ్మినవాడన్న మాట.

ఇక గుండునే అడుగుదాం. ఏ గుండుకైనా అడగాల్సిన ప్రశ్న "నువ్వు ఏ పని కోసం పుట్టావు?" అని.

ఫిరంగి గుండు పని గొట్టంలోంచి జారి బయటికి దూకడం. గొట్టానికి మరీ బిగుతుగా ఉంటే ఇరుక్కుని ఫిరంగే పగులుతుంది. మరీ వదులుగా ఉంటే మందు బలమంతా పక్కల నుంచి పోతుంది. ఇంగ్లీషు వాళ్ళ 9 పౌండ్ల ఫిరంగికి గొట్టం లోపలి వ్యాసం 4.2 అంగుళాలు, గుండు వ్యాసం 4 అంగుళాలు. తేడా అంగుళంలో ఐదో వంతు. అందుకే ప్రతి గుండునూ ఇనుప వలయాల్లో దూర్చి పరీక్షించేవారు. మన ఇళ్ళల్లో గాజుల మనిషి చేతి సైజు చూసినట్టే. ఒక వలయంలో దూరాలి, దానికంటే చిన్న వలయంలో దూరకూడదు. ఈ పరీక్ష నెగ్గిన గుండు మీద పొడుచుకొచ్చిన అతుకు గీత గానీ, చదునైన ముఖాలు గానీ, ఈ పక్క నుంచి ఆ పక్కకి రంధ్రం గానీ ఉండవు. అచ్చులో పోసినప్పుడు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత, కరిగిన ఇనుము పోసిన చోట చిన్న మచ్చ ఉండవచ్చు. వాటిని కూడా అరగదీసి నున్నగా చేసేవారు.

హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ మీదుగా బస్సెక్కిన వారెందరో మనలో ఉన్నారు. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో అక్కడ ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. ఆ పేటని పాతవాళ్ళు "తోప్ కా సాంచా" అనేవారు. అంటే ఫిరంగి అచ్చు. ఇక ఇనుమును కరిగించి పోసే కొలిమి లేనిచోట మన కమ్మరులు మెత్తని ఇనుమును ఎర్రగా కాల్చి సమ్మెటతో కొట్టి గుండు చేసినవీ ఉన్నాయి. వాటికి అచ్చు గీత ఉండదు, గుండ్రం కూడా అంత ఖచ్చితంగా ఉండదు. పైగా దక్కను కోటల్లో ఫిరంగులు ఇంగ్లీషు పౌండ్ల లెక్కన తయారైనవి కావు. పుస్తకంలోని పట్టీలో సైజు లేదు కాబట్టి నకిలీ అనడానికి వీల్లేదు. రాతి గుండ్లు కూడా విరివిగా వాడారు. (అయితే ఊళ్ళో రచ్చబండ దగ్గర కనిపించే ప్రతి గుండ్రాయీ ఫిరంగిది కాదండోయ్. పండగలకి కుర్రాళ్ళు బలం చూపించడానికి ఎత్తే గుండ్లు రాయలసీమలో చాలా ఊళ్ళల్లో ఉన్నాయి.)

మిల్లు గుండు పని వేరు. అది కొట్టుకోవాలి, అరగాలి. వేల గుండ్లతో కలిసి రాత్రింబవళ్ళు దొర్లి దొర్లి దాని ఒంటి మీద అక్కడక్కడా చదును ముఖాలు పడతాయి. చేత్తో నొక్కిన సున్నుండలా, ఒక పక్క కాస్త తక్కువగా ఉంటుంది. సిమెంటు మిల్లుల్లో వాడే గుండ్లలో క్రోమియం ఎక్కువగా కలుపుతారు కనుక తుప్పు కూడా పొరలు పొరలుగా లేవదు. పైన గోధుమ రంగు, గీకితే అడుగున ముదురు మెరుపు.

షాట్‌పుట్ సంగతి చూద్దాం, ఆ ఫ్రెండ్ కోసం. పురుషుల గుండు 7.26 కిలోలు, అంటే సరిగ్గా 16 పౌండ్లు. మహిళలది 4 కిలోలు, వ్యాసం 9.5 నుంచి 11 సెంటీమీటర్ల మధ్య. ఇంగ్లీషు 9 పౌండ్ల ఫిరంగి గుండు 4.08 కిలోలు, వ్యాసం 10.16 సెంటీమీటర్లు. చూశారా ఎంత దగ్గరో! తూకం ఒక్కటే చూస్తే కాలేజీ అమ్మాయి విసిరిన గుండు కోట గోడలు బద్దలు కొట్టినదైపోతుంది. తేడా ఎక్కడంటే, షాట్‌పుట్‌ను లేత్ మీద తిప్పి నున్నగా చేస్తారు. బరువు సరిచేయడానికి సీసం నింపిన చిన్న బిళ్ళ ఉండవచ్చు, కంపెనీ ముద్రో కిలోల అంకెో చెక్కి ఉండవచ్చు. మన జేజినాయన గారి గుండు 2 కిలోల 850 గ్రాములు. పెద్దవాళ్ళ పోటీ తూకాలకి సరిపోదు, ముద్ర కూడా లేదు. కాబట్టి ఫ్రెండ్ పందెం ఓడాడు.

అహ్మదీ, ఫహాహీల్ వైపు ఆయిల్ కంపెనీల్లో పనిచేసే నాన్నలకి ఇంకొన్ని గుండ్లు తెలుసు. బాల్ వాల్వు లోపలి గుండు - నడిమధ్యన గొట్టంలా రంధ్రం ఉంటుంది. క్రేను కొక్కెం పైన బరువు కోసం వేలాడే గుండు - తాడు దూరే దారి ఉంటుంది. గేటు స్తంభాల మీది అలంకారం గుండు - బోలుగా, అడుగున మరతో ఉంటుంది. ఇవి గుర్తుపట్టడం తేలికే.

ఇప్పుడు లెక్క. పిల్లలూ, పెన్సిలు తీయండి. చుట్టుకొలత 28ని 3.14తో భాగిస్తే వ్యాసం 8.9 సెంటీమీటర్లు. వ్యాసాన్ని మూడుసార్లు గుణించి, దాన్ని 0.5236తో గుణిస్తే గుండు ఘనపరిమాణం వస్తుంది - సుమారు 369 ఘన సెంటీమీటర్లు. 2850 గ్రాములను 369తో భాగిస్తే 7.72. ఇది సాంద్రత. మామూలు పోత ఇనుముకు 7.1 నుంచి 7.4 దాకా ఉంటుంది. ఉక్కుకు 7.8. క్రోమియం కలిపిన మిల్లు గుండుకు 7.7 ప్రాంతం.

"అయితే తేలిపోయింది, మిల్లు గుండే" అని లేవకండి. రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఇంగ్లీషు 6 పౌండ్ల గుండు వ్యాసం కూడా 8.9 సెంటీమీటర్లే. తూకం 2.72 కిలోలు. మన గుండు కంటే 130 గ్రాములే తక్కువ. వ్యాసం కొలవడంలో ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే మన 7.72 కాస్తా 7.47 అయినా కావచ్చు, 7.99 అయినా కావచ్చు! దారంతో కొలిచినప్పుడు మిల్లీమీటరు తేడా ఎవరికైనా వస్తుంది. రెండోది, కమ్మరి సమ్మెటతో కొట్టిన మెత్తని ఇనుముకు కూడా సాంద్రత 7.7 ప్రాంతమే. అంటే లెక్క మనకి అనుమానం ఇచ్చింది గానీ తీర్పు ఇవ్వలేదు.

తీర్పు ఇచ్చింది ఫోటోలు. వెర్నియర్ కాలిపర్స్‌తో నాలుగు వైపుల నుంచి కొలవమని చెప్పాను. ఊళ్ళో మెకానిక్ దగ్గర తెచ్చి కొలిచారు. 9.0, 9.0, 8.9, 8.7 వచ్చాయి. 8.7 వచ్చిన చోట ఫోటోలో రూపాయి బిళ్ళంత చదును ముఖం, దాని పక్కనే ఇంకోటి. సమ్మెట దెబ్బ చిన్న నొక్కుగా, గుర్తుగా పడుతుంది. ఇవి అలా లేవు, నున్నగా అరిగి అంచు కూడా తెలియకుండా కలిసిపోయాయి. గీకిన చోట నల్లటి మెరుపు. ఎర్రగుంట్ల పాత ఇనుము బండి. అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇది బాల్ మిల్లు గుండు అని నా అభిప్రాయం. ఫోన్‌లో ఆ మాట చెప్పేటప్పుడు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. జేజినాయన గారు ఒక్క క్షణం ఆగి, "మా బామ్మర్ది ఆ ఫ్యాక్టరీలోనే రిటైరయినాడు నాయనా, వాడికి ఎప్పుడూ చూపించలేదు" అన్నారు.

ఒకవేళ అది అసలైనదే అయి ఉంటే? అప్పుడు కువైట్ తేవడం కుదరదు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ఇలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు తీసుకువెళ్ళకూడదు. కోటలో నేల మీద పడి ఉన్నా సరే, గండికోట, గోల్కొండ లాంటివి భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు, అక్కడ రాయి కూడా తీయకూడదు. సెలవులకి వెళ్ళినప్పుడు "సరదాగా ఒకటి" అని పిల్లల చేత ఏరించే నాన్నలు దయచేసి గమనించాలి. తమాషా ఏమంటే, అసలైనదిలా కనిపించే నకిలీకి కూడా విమానాశ్రయంలో చిక్కే. ఇది పురావస్తువు కాదని ఆ శాఖ వారి నుంచి ధ్రువపత్రం చూపమంటే మూడు కిలోల మిల్లు గుండు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. షోకేసు ఆలోచన మానుకున్నారని తెలిసింది.

ఇప్పటిదాకా చెప్పింది ఇంట్లో ఏళ్ళ తరబడి ఉన్న, గట్టి గుండు గురించి. ఇక్కడి నుంచి చెప్పేది కువైట్‌లో ఉన్న పిల్లలందరూ, ముఖ్యంగా చలికాలంలో ఎడారి టెంట్లకి వెళ్ళే కుటుంబాలు, ఒకటికి రెండుసార్లు చదవాలి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు ఈ దేశంలోకి వచ్చాయి. 1991 ఫిబ్రవరి చివరికి కువైట్ విముక్తి అయింది. మధ్యలో ఈ ఇసుకలో లెక్కలేనన్ని మందుపాతరలు పెట్టారు, పైనుంచి గుత్తి బాంబులు వేశారు. గుత్తి బాంబు అంటే ఒక పెద్ద డబ్బాలో వందలకొద్దీ చిన్న బాంబులు. వాటిలో ఒక రకం అచ్చం బంతిలా, క్రికెట్ బంతి సైజులో ఉంటుంది, పైన గట్లు తేలి ఉంటాయి. అందులో కొన్ని పడ్డప్పుడు పేలలేదు. యుద్ధం తర్వాత చాలా వరకు ఏరివేశారు. కానీ గాలికి, వానకి ఇసుక కదిలినప్పుడు మిగిలినవి బయటపడవచ్చు. తుప్పు పట్టిన గుండ్రని ఇనుము ఇసుకలో కనిపిస్తే కొలతలు, కాటాలు, లెక్కలు ఏమీ వద్దు. ముట్టుకోవద్దు, కాలితో తన్నవద్దు, రాయి విసరవద్దు, ఫోటో కోసం దగ్గరికి పోవద్దు. వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి నడిచి పెద్దవాళ్ళకి చెప్పండి. పెద్దవాళ్ళు 112కి ఫోన్ చేయాలి.

పాత ఫిరంగి గుండ్లలో కూడా అన్నీ గట్టివి కావు. కొన్ని బోలుగా ఉండి లోపల మందు నింపినవి. వాటికి ఒక చోట వత్తి పెట్టే రంధ్రం, దానికి కొయ్యదో లోహానిదో బిరడా ఉంటుంది. ఆ రంధ్రం తుప్పుతో మూసుకుపోయి కనిపించకపోవచ్చు. సైజుకి తగ్గ బరువు లేకపోతే అనుమానించాలి. సముద్రంలో శతాబ్దాలు నానిన పోత ఇనుప గుండు కూడా లోపలి ఇనుము కరిగిపోయి తేలికవుతుంది కానీ, ఆ తేడా తేల్చడం మన పని కాదు. 2008 ఫిబ్రవరిలో అమెరికాలోని వర్జీనియాలో, ఇలాంటి గుండ్లను వందలకొద్దీ శుభ్రం చేసిన అనుభవం ఉన్న ఒక సేకరణకర్త, అక్కడి అంతర్యుద్ధ కాలం నాటి నౌకా ఫిరంగి గుండును ఇంటి ముందు బాగుచేస్తుండగా అది పేలి చనిపోయారు. ఆ గుండు వయసు 140 ఏళ్ళ పైమాటే. కాబట్టి "పోత ఇనుమైతే నిప్పురవ్వలు ఎర్రగా పొట్టిగా, ఉక్కైతే తెల్లగా పొడుగ్గా వస్తాయి, గ్రైండర్ పెట్టి చూడు" అని ఎవరైనా వర్క్‌షాపు మిత్రులు సలహా ఇస్తే, ఆ మాట నిజమే గానీ ఎక్కడిదో తెలియని గుండు మీద గ్రైండరూ డ్రిల్లూ పెట్టవద్దు. సంతలో "పోర్చుగీసు గుండు" అని అమ్మచూపినా కొనవద్దు. అసలైనదైతే చట్టం ఒప్పుకోదు, కాకపోతే డబ్బు దండగ, బోలుదైతే ప్రాణం మీదికి.

పిల్లలకి ఈసారి ఒక పని. మీ స్కూల్లో పీఈటీ సార్‌ని అడిగి షాట్‌పుట్ తీసుకోండి. దారంతో చుట్టుకొలత మూడుసార్లు కొలవండి, దాని మీద రాసిన బరువు చూడండి, సాంద్రత కట్టండి. ఇనుమైతే 7 పైన రావాలి. ఇత్తడిదైతే 8 దాటుతుంది. 7 కంటే బాగా తక్కువ వస్తే లోపల బోలో, ఇంకేదైనా నింపారో ఆలోచించి రాయండి. అబూ హలీఫా, మంగఫ్, మహబూలా, సాల్మియా - ఎక్కడి నుంచైనా సరే, లెక్క మొత్తం చూపించాలి, జవాబు ఒక్కటే పంపితే మార్కులు లేవు. వచ్చిన లెక్కల్లో బాగున్నవి వచ్చే సంచికలో వేస్తాం. అప్పుడే ఇత్తడి గంగాళాల మాట కూడా చెప్పుకుందాం.